పొద్దు గుంకేలోగా ఒక్క దెబ్బ

కుముదపురం రేవు ఆ మధ్యాహ్నం పెళ్ళివారిల్లులా ఉంది. ఏటి ఒడ్డు పొడుగునా పసుపు, ఎరుపు, నీలి గుడారాలు గాలికి ఉబ్బి ఊగుతున్నాయి. ఒకచోట గంధపు చెక్కల గుట్టలు, ఒకచోట నెమలిపింఛాల కట్టలు, ఇంకోచోట దంతపు దువ్వెనలు, పగడాల పేరులు, దారినపోయే వాళ్ళని వరసలు పెట్టి పిలిచే పంజరపు చిలకలు. మల్లెల వాసనా చేపల వాసనా ఒకదాన్నొకటి తోసుకుంటూ ముక్కులకెక్కుతున్నాయి. ఆ సందడిలో నెత్తిన ఉప్పుగంపతో, మోకాళ్ళ పైకి కట్టిన మాసిన పంచెతో పోతున్న పడుచువాణ్ణి చూసి, వీడు శోణగిరి యువరాజు శార్దూలవర్మ అని ఎవరు మాత్రం అనుకుంటారు? వేషం అంత బాగా కుదిరింది. బుద్ధి కూడా వేషం వేసుకుని ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

పదహారు దాటి పదిహేడు నడుస్తున్న ఆ యువరాజు కంటికి కునుకు పట్టి చాలా రోజులైంది. వేటలో ఉన్నట్టుండి సుడిగాలి లేచి అతని దాది కొడుకు మారన్నని గడ్డిపరకలా ఎత్తుకుపోయింది. ఒక్క తల్లి పాలు తాగి, ఒక్క పక్క మీద పడుకుని పెరిగినవాళ్ళు ఇద్దరూ. మారన్న కోసం అడవులన్నీ గాలించిన యువరాజుకి చివరికి ఒక ముని అసలు సంగతి చెప్పాడు. ఏటి అవతల గద్దముక్కు కొండ మీది కోటలో కాలజంఘుడనే మాంత్రికుడు క్రోధజ్యోతి అనే దీపం వెలిగించాడు. పగతో కొట్టిన ప్రతి దెబ్బకీ ఆ జ్యోతి ఎదుగుతుంది. ఈ అమావాస్య నాటి పొద్దు గుంకేలోగా అది మంటపం దూలాన్ని ముట్టిందా, చుట్టుపక్కల మూడు రాజ్యాలూ మాంత్రికుడివి. దాన్ని పెంచిన కుర్రాళ్ళంతా అక్కడికక్కడే వత్తుల్లా కాలిపోతారు. మారన్న వాళ్ళలో ఉన్నాడు. "ఇనుము తీసుకెళ్ళకు నాయనా, కోట గడపలో పామై నిన్నే కాటేస్తుంది" అని కూడా ముని హెచ్చరించాడు. అందుకే కత్తి లేదు, కటారి లేదు. అమావాస్య ఈ రోజే.

రేవులో ఏరు దాటించే పుట్టి కోసం అటూ ఇటూ చూస్తూ యువరాజు తొందర తొందరగా నడుస్తున్నాడు. అంతలో ఎదురుగా ఏనుగు గున్నలాంటి మనిషి ఒకడు వచ్చి, నవ్వుతూ తన కుడిభుజంతో యువరాజు కుడిభుజాన్ని ధనామని ఢీకొట్టాడు. గంప ఊగింది. ఉప్పు కళ్ళలో పడింది.

శార్దూలవర్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. గంప ఎటు పోయిందో చూడలేదు. పిడికిలి బిగించి ఆ మనిషి ముక్కు మీద ఒక్కటి గుద్దాడు. అంత మనిషీ ఉప్పులో వెల్లకిలా పడ్డాడు.

ఇక్కడ శోణగిరి ఆచారం ఒకటి చెప్పాలి. ఆ రాజ్యంలో పదహారో ఏడు రాగానే ప్రతి కుర్రాడినీ రణభైరవి గుడికి తీసుకెళ్ళి, కుడి మణికట్టుకి ఎర్రదారం కడతారు. కట్టేటప్పుడు గురువు చెవిలో చెప్పే మాట ఒక్కటే. దెబ్బ తిని, పొద్దు గుంకేలోగా తిరిగి కొట్టనివాడి చెయ్యి ఎండిపోతుంది. నమ్మనివాళ్ళకి చూపించడానికి కోట వాకిట్లో సోమడు అనే ముసలాయన ఉండనే ఉన్నాడు. ఆయన కుడిచెయ్యి ఎండు వెదురులా వేలాడుతూ ఉంటుంది. ఆ చెయ్యి చూసి పెరిగిన కుర్రాళ్ళు ఎవరు తగిలినా, ఎవరు తేరిపార చూసినా, చివరికి ఎవరు దగ్గినా అది తమ మీదే అనుకుంటారు. ఆలస్యం చేస్తే చెయ్యి పోతుందాయె! అందుకని ముందే కొట్టేస్తారు. శోణగిరి వీధుల్లో మూతి పగలని కుర్రాడు కనబడడు. అదే పౌరుషమని తల్లులు కూడా మురిసిపోతారు.

కిందపడ్డ మనిషి లేచి కూర్చున్నాడు. ముక్కు తుడుచుకున్నాడు. చేతికంటిన నెత్తురు చూసుకున్నాడు. ఇప్పుడు లేచి మీద పడతాడని యువరాజు కాళ్ళు ఎడంగా పెట్టి కాచుకున్నాడు.

"ఎందుకు కొట్టావు నాయనా?" అన్నాడు ఆ మనిషి.

పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న యువరాజుని ఎవరూ అడగలేదు.

"నువ్వు... నువ్వే కదా ముందు భుజంతో గుద్దావు!"

చుట్టూ మూగిన జనం గొల్లుమన్నారు. చేపలమ్మే ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అయ్యో రాత! ఇది మా రేవు పలకరింపు బాబూ. కొత్త మనిషి వస్తే భుజం కలుపుతాం. చుట్టాన్ని చేసుకోవడమన్నమాట" అంది.

యువరాజు మొహం చిన్నబోయింది. అంతలో రక్షకభటులు కర్రలు ఊపుకుంటూ రానే వచ్చారు. యువరాజు మణికట్టుకి చుట్టుకున్న మాసిన గుడ్డ జారి, ఎర్రదారం బయటపడింది. భటుల నాయకుడు అది చూసి, "ఇంకేం, శోణగిరి కోడిపుంజు! ఈ దారం ఎక్కడుంటే అక్కడ తగవే. పదరా ఖైదు కొట్టులోకి" అని జబ్బ పట్టుకున్నాడు. కొట్టులో పడితే మారన్న సంగతి అంతే.

"వదిలెయ్యండి దొరా" అన్నాడు ముక్కు పగిలిన మనిషి, లేచి నిలబడి. "తెలియక కొట్టాడు. తగిలింది నాకు, మీకు కాదుగా. ఇంత ఎండలో గంప మోసుకొచ్చిన కుర్రాడు." అని ఏ చేత్తో తిరిగి కొట్టాలో ఆ కుడిచేత్తోనే యువరాజు వీపు మీది ఉప్పు దులిపాడు. ఆయన పేరు తిప్పన్న. రేవులో పుట్టి నడుపుతాడు. భటులు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

"గద్దముక్కు కొండకి పోవాలి. పొద్దు గుంకేలోగా" అన్నాడు యువరాజు తలొంచుకుని.

తిప్పన్న ముక్కు అప్పటికే వంకాయంత అయింది. తల వెనక్కి వాల్చి కూర్చుని, "ఒసే గోరింతా! ఈ బాబుని అవతలికి దింపి రామ్మా" అని కేకేశాడు.

గోరింత తిప్పన్న కూతురు. యువరాజు ఈడే ఉంటుంది. తెడ్డు భుజాన వేసుకుని వచ్చి, తండ్రి ముక్కు వంకా కుర్రాడి వంకా మార్చి మార్చి చూసి, "ఎక్కు. నేను కూడా భుజం తగిలిస్తానేమో, కాస్త ఎడంగా కూర్చో" అంది.

పుట్టి గిరగిరా తిరుగుతూ నడి ఏట్లోకి పోయింది. యువరాజు ఉండబట్టలేక అడిగాడు. "మీ నాన్న తిరిగి కొట్టలేదు. ఈ పాటికి ఆయన చెయ్యి లాగుతూ ఉంటుంది. రాత్రికల్లా..."

"రాత్రికల్లా ఆ చేత్తోనే అన్నం తింటాడు. రెండుసార్లు పెట్టించుకుని మరీ తింటాడు." గోరింత తెడ్డు ఆపకుండానే ఎర్రదారం సంగతంతా రాబట్టింది. విని, "ఆ సోమడు తాతని ఎవరైనా అడిగారా, చెయ్యి ఎలా పోయిందని?" అంది.

"అడగడం ఎందుకు? అందరికీ తెలుసుగా!"

"ఓహో" అంది గోరింత. తెడ్డు ఇంకాస్త గట్టిగా వేసింది.

గద్దముక్కు కొండ దారి నిటారుగా ఉంది. వీడి పనేమిటో చూద్దామని గోరింత కూడా పుట్టి కట్టేసి వెంట వచ్చింది. సగం ఎక్కారో లేదో, టప్పుమని ఒక వెలగకాయ వచ్చి యువరాజు నెత్తిన పడింది. తలెత్తి చూస్తే చెట్ల నిండా నల్లమూతి కొండముచ్చులు! అరచేతులు చరుచుకుంటూ పళ్ళికిలిస్తున్నాయి. యువరాజు ఊరుకుంటాడా? అదే కాయ తీసి గురిచూసి విసిరాడు. ఒకటి విసిరితే పది వచ్చాయి. పదీ తిరిగి విసిరితే వడగళ్ళవాన కురిసినట్టు కొండంతా వెలగకాయలు కురిశాయి. వీపు, మోకాలు, చెవి, తగలని చోటు లేదు. పొద్దు చూస్తే పడమటికి వాలిపోతోంది. అయినా ఆ మహావీరుడు ఒక్కొక్క కాయా ఏరి, ఏ కోతి విసిరిందో ఆ కోతికే తిరిగి పంపుతున్నాడు!

గోరింత బండ కింద తీరిగ్గా కూర్చుని, పగిలిన వెలగపండు ఒకటి గోటితో తవ్వి తింటోంది. "కాస్త బెల్లం ఉంటే ఎంత బావుండేది! ఇంతకీ నీకు కొండ మీద పనేదో ఉందన్నావు. కోతులతోనేనా?"

ఆ మాటకి యువరాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సిగ్గుతో కాయ కింద పడేసి ఆమె పక్కన బండ కిందికి దూరాడు. కొండముచ్చులు ఇంకో నాలుగు విసిరాయి. కింద నుంచి ఏమీ రాకపోయేసరికి వాటికి విసుగేసింది. ఒకదాని తలలో ఇంకోటి పేలు చూసుకోవడం మొదలెట్టాయి. ఇద్దరూ కిక్కురుమనకుండా పైకి పరిగెత్తారు.

కోట దూరానికే కళ్ళు జిగేల్‌మనిపించింది. నల్లరాతి గోడలకి ఎర్రరాళ్ళ తాపడం, బురుజు బురుజుకీ రెక్కలు విప్పిన ఇత్తడి గద్దలు, వాటి కళ్ళలో కెంపులు. ద్వారబంధం మీద బంగారు సర్పాలు ఒకదాని తోక ఇంకోటి మింగుతూ చుట్టుకుని ఉన్నాయి. గడప దగ్గర తాటిచెట్టంత రాక్షసుడు కాపలా. వాడికి రెండు తలలు. కుడితల తుమ్మితే తన మీద ఉమ్మిందని ఎడమతల ఒక చెంపదెబ్బ వేసింది. కుడితల ఊరుకోలేదు. వాడి కుడిచెయ్యి ఎడమ చెంపనీ, ఎడమచెయ్యి కుడి చెంపనీ ఫెడేల్ ఫెడేల్‌మని వాయించుకుంటుంటే, గోరింతా యువరాజూ వాడి కాళ్ళ సందులోంచి దర్జాగా లోపలికి నడిచారు.

"నీకు వాడు చుట్టమేమో కనుక్కో" అని గుసగుసలాడింది గోరింత. యువరాజుకి కోపం రావలసిందే. ఎందుకో నవ్వొచ్చింది.

లోపల మంటపం చూడగానే ఆ నవ్వు ఎగిరిపోయింది. నడిమధ్య నిలువెత్తు కంచు దీపస్తంభం. దాని మీద క్రోధజ్యోతి బుసలు కొడుతోంది. కుంకుమపువ్వు రంగు అంచు, నేరేడుపండు రంగు నడుము, మధ్యలో చూడలేనంత తెలుపు. దాని కొసకీ పైనున్న చందనపు దూలానికీ మధ్య జానెడు ఖాళీ కూడా లేదు. కింద శోణగిరి కుర్రాళ్ళు, అందరి చేతులకీ ఎర్రదారాలు, జంటలు జంటలుగా కొట్టుకుంటున్నారు. కళ్ళు వాచి, పెదవులు చిట్లి, ఒకడు పడితే ఇంకోడు లేపి మరీ కొడుతున్నాడు. ప్రతి దెబ్బకీ జ్యోతి కొంచెం కొంచెం పైకి పాకుతోంది.

యువరాజు ముందు సంకెళ్ళ కోసం వెతికాడు. లేవు. కాపలా కోసం చూశాడు. లేదు. మంటపం తలుపులు బార్లా తీసి ఉన్నాయి. వాటికి గడియలు కూడా లేవు.

"ఆశ్చర్యంగా ఉందా నాయనా?" పై అరుగు మీద పులితోలు పరుచుకుని కూర్చున్న కాలజంఘుడు తేనెలాంటి గొంతుతో పలికాడు. కొంగ కాళ్ళు, నెరిసిన జడలు, పసిపిల్లల తాతలాంటి నవ్వు. "నేనెవర్నీ కట్టెయ్యను. వెళ్తానంటే ఆపను. తిన్న దెబ్బ తిప్పికొట్టకుండా వీళ్ళే వెళ్ళరు. తిప్పికొడితే అవతలివాడు వెళ్ళడు. మీ ఊరు ఎంత చల్లటి ఊరయ్యా! మీ గురువుల గురువుకి ఆ మంత్రం చెవిలో ఊదింది ఎవరనుకున్నావు?"

యువరాజు ఆ మాట సగమే విన్నాడు. అతని కళ్ళు మారన్న మీద పడ్డాయి. మారన్న ఎముకల గూడులా అయిపోయి, బిక్కన అనే మేదర కుర్రాడి ఎదుట పిడికిలి ఎత్తి నిలబడి ఉన్నాడు.

"మారన్నా! కొట్టకు! పద, ఇంటికి పోదాం!"

మారన్న తిరిగి చూశాడు. ఒక్క క్షణం వాడి మొహం వెలిగింది. అంతలోనే కాలజంఘుడి గొంతు జారుతూ వచ్చింది. "వచ్చాడయ్యా నీ యువరాజు. సుడిగాలి రాగానే నిన్నొదిలి గుర్రం తిప్పుకుని పోయినవాడే కదూ?"

మారన్న కళ్ళు చింతనిప్పుల్లా అయ్యాయి. మూడంగల్లో వచ్చి శార్దూలవర్మ చెంప ఛెళ్ళుమనిపించాడు.

జ్యోతి ఒక్కసారిగా ఎగసింది. దూలానికీ దానికీ మధ్య ఇప్పుడు వేలెడు సందు మిగిలింది. ఇంకొక్క దెబ్బ పడితే చాలు. కుర్రాళ్ళంతా ఎవడి బాకీ వాడు మరిచిపోయి, కొట్లాటలు ఆపి ఇటు తిరిగారు. యువరాజుని వాడి దాది కొడుకే కొట్టాడు! తిరుగు దెబ్బ ఎలా ఉంటుందో చూడాలి.

శార్దూలవర్మ చెయ్యి తనంతట తనే లేచింది. దానికి అదే అలవాటు.

"ఎందుకు కొట్టాడో అడగవేం?" వెనక నుంచి గోరింత అరిచింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. "ఎందుకు... ఎందుకు కొట్టావురా?" అన్నాడు యువరాజు. ఆ మాట అతని నోట్లో కొత్త మెతుకులా తిరిగింది.

"నన్నొదిలేసి పోయావు!"

"పోలేదురా! సుడిగాలి నా గుర్రాన్ని లోయలో పడేసింది. స్పృహ వచ్చేసరికి నువ్వు లేవు. అప్పట్నుంచీ నిన్ను వెతుకుతూనే ఉన్నాను. ఇంటికి కూడా పోలేదు." శార్దూలవర్మ కుర్రాళ్ళందరి వైపూ తిరిగాడు. "ఆ జ్యోతి దూలాన్ని ముట్టిందా, మీరంతా వత్తుల్లా కాలిపోతారు. అది మీ దెబ్బలు తిని పెరుగుతోంది. ఎవరూ ఎవర్నీ కొట్టకండి!"

"పిరికివాడికి ఎంత చక్కటి సాకు!" కాలజంఘుడు నవ్వాడు. కుర్రాళ్ళు కొందరు వాడితో పాటు నవ్వారు.

మారన్న నవ్వలేదు. పాల తమ్ముడి మొహం చదవడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ మొహంలో అబద్ధం లేదు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పడమటి గవాక్షం వైపు చూశాడు. సూర్యుడు కొండల అంచు మీద కూర్చున్నాడు.

"అయితే నాదే తప్పు. కొట్టు" అన్నాడు చెంప చూపిస్తూ. "తొందరగా కొట్టరా! పొద్దు గుంకుతోంది. నీ చెయ్యి ఎండిపోతే? కత్తి పట్టలేనివాణ్ణి సింహాసనం ఎక్కనిస్తారా? నా మూలంగా నీ చెయ్యి పోతే నేనెలా బతుకుతాను? నా మీద ప్రేమ ఉంటే కొట్టు!"

"కొట్టు! కొట్టు!" అని కుర్రాళ్ళంతా అందుకున్నారు. వాళ్ళలో పగ ఉన్నవాళ్ళు తక్కువ. చాలామంది నిజంగానే యువరాజు చెయ్యి ఏమైపోతుందోనని భయపడి అరుస్తున్నారు. కాలజంఘుడు మాత్రం మెడ ముందుకు చాచి చూస్తున్నాడు.

కొడితే మారన్న పోతాడు. కొట్టకపోతే చెయ్యి పోతుంది. శార్దూలవర్మకి ఆ దారం మాట మీద అనుమానం ఏమీ లేదని ఇక్కడ మరిచిపోకూడదు. పసితనం నుంచి చూసిన సోమడి చెయ్యి కళ్ళ ముందు వేలాడుతోంది. అయినా అతను కింద కూర్చుని, పిడికిలిని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పోతే పోనీరా. చెయ్యి లేకుండా బతకొచ్చు" అన్నాడు.

మారన్న నోరెళ్ళబెట్టాడు. వాడికీ ఆ రోజు తీరని పగ ఒకటి ఉంది. పొద్దున బిక్కన కొట్టిన దెబ్బకి ఇంకా తిరిగి కొట్టలేదు. బిక్కన వంక చూశాడు, జ్యోతి వంక చూశాడు. వచ్చి యువరాజు పక్కన చతికిలబడ్డాడు. "నీది పోతే నాదీ పోనీ. ఇద్దరం కలిసి ఎడమచేత్తో తిందాం." అనేశాడే గాని, వాడి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

సూర్యుడు సగం దిగాడు. యువరాజు వేళ్ళ కొసలు జిల్లుమన్నాయి. తర్వాత వాటి మీద చీమలు పాకినట్టయింది. మణికట్టు బరువెక్కింది. చెయ్యి తనది కానట్టు, ఎవరిదో తెచ్చి మోకాలి మీద పెట్టినట్టు ఉంది. "మొదలైంది" అనుకున్నాడు. నుదుటి నిండా చెమట పట్టింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ శూరుడు ఏడ్చాడు.

కాలజంఘుడికి ఓపిక పోయింది. అరుగు మీద నుంచి దూకి వచ్చాడు. తేనె గొంతు గద్ద కూతైంది. "కొట్టరా! వాణ్ణి కాకపోతే నన్ను కొట్టు! ఇదిగో చెంప! నిన్ను ఇన్నాళ్ళు ఏడిపించినవాణ్ణి, నీ మారన్నని ఎత్తుకొచ్చినవాణ్ణి! కొట్టు!" అని యువరాజు ఎదుట మోకాళ్ళ మీద కూలబడి రెండు చెంపలూ మార్చి మార్చి చూపించాడు. దెబ్బ కోసం అంత దేబిరించిన మనిషి మూడు లోకాల్లో ఉండడు.

శార్దూలవర్మకి వాడి చెంప మీద ఒక్కటివ్వాలని ఎంత అనిపించిందో చెప్పలేం. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

సూర్యుడు కుంకాడు.

యువరాజు కళ్ళు తెరిచి చెయ్యి వంక చూశాడు. కదిలించబోయాడు. కదల్లేదు.

"పోయింది" అన్నాడు మెల్లిగా. మారన్న భోరుమన్నాడు.

"ఏం పోలేదు. పిడికిలి విప్పు ముందు!" గోరింత వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. "ఇందాకట్నుంచీ చూస్తున్నా, గోళ్ళు గుచ్చుకునేలా బిగించి కూర్చున్నావు. అంతసేపు బిగించుకుంటే ఎవరి చెయ్యైనా తిమ్మిరెక్కుతుంది. తెడ్డు పట్టుకుని నాకు రోజూ ఎక్కుతుంది. విప్పవయ్యా!"

ముందు చిటికెనవేలు లేచింది. తర్వాత దాని పక్కది. మూడోది. అరచేతిలో నాలుగు గోటి గంట్లు ఎర్రగా కనబడ్డాయి. నెత్తురు జివ్వుమని వేళ్ళలోకి పరిగెత్తింది. శార్దూలవర్మ చెయ్యి విప్పాడు, మూశాడు, మళ్ళీ విప్పాడు. పిచ్చివాడిలా పెద్దగా నవ్వుతూ ఆ చేత్తోనే మారన్న చెయ్యి పట్టుకుని పైకి లేపాడు. మారన్న తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. గాల్లో ఊపాడు. ముక్కు గోక్కుని చూశాడు. పనిచేస్తోంది!

కుర్రాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ వచ్చి ఆ రెండు చేతులూ తడిమి చూశారు. ఒకడు గిల్లి కూడా చూశాడు. "నొప్పి పుట్టిందా?" "పుట్టింది!" అంటే ఒకటే కేరింతలు. పైన క్రోధజ్యోతి జానెడు, మూరెడు, బారెడు కిందికి జారి, తడిసిన పిల్లిలా దీపస్తంభం మీద ముడుచుకుంది.

కాలజంఘుడు లేచాడు. ఆ జ్యోతిని రెండు చేతుల్తో గుండెకి హత్తుకున్నాడు. వాడి జడలు ఈకలయ్యాయి, చేతులు రెక్కలయ్యాయి. చూస్తుండగానే గుమ్మానికి పట్టనంత గద్దై, గవాక్షం పగలగొట్టుకుని బయట పడ్డాడు.

"పిడికెడు మంది మానేస్తే నా దీపం ఆరుతుందా?" ఆకాశం నుంచి కూత వినబడింది. "రేపు మీ శోణగిరిలో దారాల పండుగ! ఊరూరా కుర్రాళ్ళు చేతులు చాచుకుని కూర్చుని ఉన్నారు. రేపు సాయంత్రానికి మీ రాజకోటే నా మంటపం!"

శార్దూలవర్మకి అప్పుడు గుర్తొచ్చింది. అవును, రేపే. తన తండ్రి స్వయంగా మొదటి దారం కట్టే రోజు.

"పదండి! పండుగ మొదలయ్యేలోగా మనం అక్కడుండాలి."

"ఉండి ఏం చెప్తాం? మన మాట ఎవడు నమ్ముతాడు?" అన్నాడు మారన్న.

"చెప్పొద్దు. చూపిద్దాం." యువరాజు కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళాడించాడు. "సోమడు తాతని కూడా ఒక మాట అడగాలి. ఎప్పుడో అడగాల్సింది."

బార్లా తీసిన తలుపుల్లోంచి కుర్రాళ్ళంతా వరద నీరులా బయటపడ్డారు. కోట వెనక ఏటి ఒడ్డున మాంత్రికుడి పెద్ద పడవలు కట్టి ఉన్నాయి. మెట్లు దిగుతూ మారన్న ఉన్నట్టుండి ఆగి, వెనక వస్తున్న బిక్కన దారికి అడ్డం నిలబడ్డాడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగారు.

"ఒరేయ్ బిక్కనా, పొద్దున నన్నెందుకు కొట్టావురా?"

బిక్కన ఒక మెట్టు వెనక్కి వేశాడు. "నన్ను చూసి మూతి వంకర పెట్టావుగా. వెక్కిరించావని..."

"పన్ను నొప్పిరా! మూడు రోజుల్నుంచీ నోరు తెరవలేకపోతున్నాను!"

బిక్కన వాడి వాచిన దవడ వంక అప్పుడు చూశాడు. "అయ్యో, ముందే చెప్పొద్దట్రా? మా అవ్వ దగ్గర లవంగ నూనె ఉంది. ఊరెళ్ళగానే ఇప్పిస్తాను" అని వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ ఒకేసారి పడవలోకి దూకారు.

దూరాన నల్లబడుతున్న ఆకాశంలో ఒక ఎర్రచుక్క శోణగిరి వైపు జారిపోతోంది. గోరింత ముందు పడవ తాడు విప్పి చుక్కాని దగ్గర కూర్చుంది. "ఏటి వాలుకి రాత్రంతా నిద్ర లేకుండా తెడ్లు వేస్తే తెల్లారేసరికి అందుకుంటాం. ఎడమ పక్కకి మనుషులున్నారు. కుడి పక్కన ముందు తెడ్డు బరువు. దానికి గట్టి చెయ్యి కావాలి. ఎవరిది?"

"నాది" అని శార్దూలవర్మ చెయ్యి చాపాడు.